డాలస్ నుంచి డెన్వర్: ఎలక్ట్రిక్ పికప్‌కి అసలు బరువు గాలిదే

డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లలో ఉండే తెలుగు కుటుంబాలకి నాలుగు రోజులు సెలవు దొరికితే కొండలు చూడాలనిపిస్తుంది. టెక్సస్ బల్లపరుపు నేల నుంచి బయల్దేరేవాళ్లకి దగ్గర్లో ఉన్న పెద్ద కొండలు కొలరాడోవి. డాలస్ నుంచి డెన్వర్‌కి రోడ్డు మీద సుమారు 800 మైళ్లు. యూఎస్ 287 పట్టుకుని విచిటా ఫాల్స్, చిల్డ్రెస్ మీదుగా అమరిల్లో, అక్కణ్ణించి డాల్‌హార్ట్, క్లేటన్ దాటితే న్యూమెక్సికోలో రటోన్, ఆపైన ఐ-25 మీద డెన్వర్. పెట్రోలు బండిలో తెల్లవారుజామున బయల్దేరితే రాత్రి భోజనం డెన్వర్‌లో చేయొచ్చు.

ఇదే దారిలో ఎలక్ట్రిక్ పికప్ ట్రక్కు వేసుకుని వెళ్తే ఎలా ఉంటుంది? ఈ ప్రశ్నకి వినిపించే జవాబులు ఎప్పుడూ రెండే. "పిచ్చా? మధ్యలో ఆగిపోతారు" అనేది ఒకటి. "టెస్లా కారులో వెళ్లట్లేదా, ఇదీ అంతే" అనేది రెండోది. రెండూ సరైనవి కావు. వెళ్లొచ్చు, పెద్ద ఇబ్బంది లేకుండానే. కాకపోతే కారు లెక్క ట్రక్కుకి పనికిరాదు. వెనక ట్రైలర్ తగిలిస్తే ట్రక్కు లెక్క కూడా పనికిరాదు.

ఉదాహరణకి ఫోర్డ్ ఎఫ్-150 లైట్నింగ్‌నే తీసుకుందాం. 2022లో అమెరికా రోడ్ల మీదకి వచ్చిన ఈ బండి పెద్ద బ్యాటరీ రకంలో వాడుకోగల కరెంటు 131 కిలోవాట్ అవర్లు. కిలోవాట్ అవర్ అంటే మన కరెంటు బిల్లులో యూనిట్టే కాబట్టి ఇక్కణ్ణించి యూనిట్లనే అనుకుందాం. ప్రభుత్వ పరీక్షల ప్రకారం ఒకసారి నింపితే 320 మైళ్లు నడుస్తుందని స్టిక్కర్ మీద ఉంటుంది. ఆ అంకెలో ఊళ్లో తిరుగుడూ, హైవే తిరుగుడూ రెండూ కలిసి ఉన్నాయి. పెట్రోలు బండికి హైవే మీద మైలేజీ పెరుగుతుంది, ఎలక్ట్రిక్ బండికి తగ్గుతుంది. గంటకి 70 మైళ్ల మీద లైట్నింగ్ యూనిట్‌కి సుమారు 1.9 మైళ్లు ఇస్తుంది, 75 మీద 1.75 దాకా పడిపోతుంది. అంటే నిండు బ్యాటరీతో 230 నుంచి 250 మైళ్లు. స్టిక్కర్‌ని నమ్మి బయల్దేరినవాళ్లకి మొదటి టెన్షన్ ఇక్కడే మొదలవుతుంది.

ఇక్కడ ఒక అంకె గుర్తుపెట్టుకోవాలి. ఒక గ్యాలన్ పెట్రోలులో ఉండే శక్తి 33.7 యూనిట్లతో సమానం. ఈ కొలతలో 131 యూనిట్లంటే నాలుగు గ్యాలన్లు కూడా కాదు. పెట్రోలుతో నడిచే ఎఫ్-150కి 36 గ్యాలన్ల ట్యాంకు పెట్టించుకునే వీలుంది. ఆ బండి పెట్రోలులో ముప్పాతిక వంతు దాకా వేడి రూపంలో గాలిలో కలిపేస్తుంది, అయినా ట్యాంకు పెద్దది కాబట్టి నడిపేవాడికి ఆ దుబారా కనిపించదు. ఎలక్ట్రిక్ ట్రక్కు మహా పొదుపరి, నాలుగు గ్యాలన్ల శక్తితోనే 200 మైళ్లు దాటేస్తుంది. అంత పొదుపుగా బతికే బండికి ఏ చిన్న ఖర్చు పెరిగినా వెంటనే తెలిసిపోతుంది. ఎదురుగాలి, చలి, ఎత్తు, వేగం, అన్నీ స్క్రీన్ మీద అంకెలుగా కనిపిస్తాయి. ఇవన్నీ పెట్రోలు ట్రక్కుకీ ఉన్న ఖర్చులే. దానికి లెక్క చూపించేవాడు లేడంతే.

గాలి లెక్క

హైవే వేగంలో పికప్ చేసే పనిలో మూడింట రెండొంతులకి పైగా గాలిని తోసుకుంటూ పోవడమే. ఎత్తైన ముందు భాగం, నిటారు అద్దం, వెనక తెరిచి ఉన్న బెడ్, ఇవన్నీ సరుకు మోయడానికి బాగుంటాయి కానీ గాలిని చీల్చడానికి బాగుండవు. గాలి అడ్డుకునే బలం వేగంతో సమానంగా కాదు, వేగానికి వర్గంగా పెరుగుతుంది. 70 మైళ్ల వేగంతో వెళ్తున్న బండికి గంటకి 20 మైళ్ల ఎదురుగాలి తగిలితే, గాలికి సంబంధించినంతవరకు అది 90తో వెళ్తున్నట్టే. 90ని 70తో భాగించి వర్గం చేస్తే 1.65. అడ్డుకునే బలం 65 శాతం పెరిగిందన్నమాట. యూనిట్‌కి 1.9 మైళ్లు ఇచ్చిన బండి అప్పుడు 1.3కి దిగుతుంది.

అమరిల్లో చుట్టుపక్కల ఇది పుస్తకాల లెక్క కాదు. టెక్సస్ పాన్‌హ్యాండిల్ అంటే గాలికి పేరుపడ్డ ప్రాంతం. హైవే పక్కన కనుచూపు మేర గాలిమరలు పెట్టింది ఊరికే కాదు. చలికాలంలో ఉత్తరం నుంచి చల్లగాలి ఒక్కసారిగా దిగుతుంది. థ్యాంక్స్‌గివింగ్‌కో క్రిస్మస్‌కో డెన్వర్ వైపు వెళ్లేవాళ్లకి అది సరిగ్గా ఎదురుగాలి.

ఇంకొకటి, కంటికి కనపడని ఎక్కుడు. డాలస్ సముద్రమట్టానికి 430 అడుగుల ఎత్తులో ఉంటే అమరిల్లో 3,600 అడుగుల మీద ఉంటుంది. 360 మైళ్లలో ఎక్కడా కొండ కనపడదు, రోడ్డు అద్దంలా ఉంటుంది, కానీ మూడు టన్నులకి పైగా ఉన్న బండిని దాదాపు కిలోమీటరు పైకి ఎత్తాల్సిందే. అందుకు సుమారు 10 యూనిట్లు పోతాయి. అంటే 18 మైళ్ల ప్రయాణానికి సరిపోయే కరెంటు. "లెక్క ప్రకారం రావాల్సిన దానికంటే తక్కువ వస్తోంది, బ్యాటరీ పాడైందేమో" అని కంగారుపడేవాళ్లు ఈ ఎత్తు సంగతి చూసుకుంటే చాలా అనుమానాలు తీరిపోతాయి.

దూరం, గాలి, ఎత్తు, ఈ మూడూ కలిసేది అమరిల్లో, రటోన్ మధ్య. దూరం సుమారు 215 మైళ్లు, ఎక్కాల్సింది ఇంకో 3,000 అడుగులు. గాలి లేని రోజున 70తో వెళ్తే దూరానికి 113 యూనిట్లు, ఎత్తుకి పది, మొత్తం 123. చేతిలో ఉన్నవి 131. కాగితం మీద సరిపోతుంది. 20 మైళ్ల ఎదురుగాలి ఉంటే దూరానికే 165 యూనిట్లు కావాలి. మధ్యలో డాల్‌హార్ట్ దగ్గరో క్లేటన్ దగ్గరో ఆగి ఎక్కించుకోకుండా వెళ్లాలనుకోవడం సాహసం కాదు, లెక్కలు రాకపోవడం. బండిలోని నావిగేషన్ ఇప్పుడు ఎత్తుని లెక్కలోకి తీసుకుంటోంది, కొన్ని యాప్‌లు గాలిని కూడా తీసుకుంటున్నాయి. అయినా బయల్దేరే రోజు పొద్దున వాతావరణం ఒకసారి చూసుకోవడం కంటే మంచి పద్ధతి లేదు.

ఎత్తు నష్టమే కాదు, లాభం కూడా. డెన్వర్ ఎత్తులో గాలి సముద్రమట్టంలో కంటే సుమారు 15 శాతం పల్చగా ఉంటుంది, అంత మేరకు అడ్డూ తగ్గుతుంది. డెన్వర్ నుంచి ఐ-70 మీద ఐసెన్‌హోవర్ టన్నెల్ దాకా 60 మైళ్లలో దాదాపు 5,900 అడుగులు ఎక్కాలి. ఆ ఎత్తుకే 16 నుంచి 18 యూనిట్లు కరుగుతాయి. దిగేటప్పుడు మోటారు జనరేటరుగా మారి ఇందులో సగానికి పైనే తిరిగి బ్యాటరీలో వేస్తుంది, బ్రేకుల మీద కాలు పెట్టే అవసరం దాదాపు ఉండదు. కొండ మీద హోటల్లో రాత్రంతా నూటికి నూరు నింపి పొద్దున్నే దిగడం మొదలుపెడితే మాత్రం ఈ లాభం రాదు. నిండిన బ్యాటరీలో వేసుకోవడానికి చోటేదీ?

చలి గురించి ఎక్కువ భయం ఉంది గానీ ట్రక్కు విషయంలో అది గాలి తర్వాతే. హీటరు గంటకి నాలుగైదు యూనిట్లు తింటుంది. 70తో వెళ్లే ట్రక్కు గంటకి 37 యూనిట్లు వాడుతుంది కాబట్టి అది ఎనిమిదో వంతు. చల్లబడిన బ్యాటరీ కరెంటుని నెమ్మదిగా తీసుకోవడమే అసలు చిరాకు. ఛార్జింగ్ స్టేషన్‌ని నావిగేషన్‌లో గమ్యంగా పెట్టి బయల్దేరితే, బండి ముందే బ్యాటరీని వెచ్చబెట్టుకుంటుంది. పెట్టకుండా నేరుగా వెళ్లి ప్లగ్ పెడితే 45 నిమిషాల పని గంట దాటిపోతుంది.

ఆగే చోట

ఎంత దూరం పోతుంది అన్నది అందరూ అడిగే ప్రశ్న. దూరప్రయాణంలో పనికొచ్చే ప్రశ్న వేరు: 10 శాతం నుంచి 80 శాతం మధ్య ఎన్ని మైళ్లు, ఎన్ని నిమిషాలు? ఎందుకంటే 80 దాటాక కరెంటు ఎక్కే వేగం బాగా పడిపోతుంది. ఆఖరి 20 శాతం కోసం కూర్చునే సమయంలో ఇంకో స్టేషన్ దగ్గరికి వెళ్లి అంతకంటే ఎక్కువే ఎక్కించుకోవచ్చు. లైట్నింగ్ 15 నుంచి 80కి 41 నిమిషాల్లో చేరుతుందని ఫోర్డ్ లెక్క. సగటున 125 కిలోవాట్లు, అంటే గంటకి 125 యూనిట్ల వేగమన్నమాట. పది నుంచి ఎనభైకి 92 యూనిట్లు, సుమారు 45 నిమిషాలు, దాంతో వచ్చేది 175 మైళ్లు. ఎదురుగాలి రోజున 120.

అంటే మొదటి విడత 220 మైళ్లు పోయాక ప్రతి రెండున్నర గంటలకీ ముప్పావుగంట ఆగాలి. డెన్వర్‌కి నాలుగు ఆగుళ్లు. ప్లగ్ పెట్టి ఉండే సమయమే రెండున్నర గంటలు, హైవే దిగడం ఎక్కడం కలిపితే మూడు. పన్నెండు గంటల దారి పదిహేను అవుతుంది. చిన్నపిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లే కుటుంబం ఎలాగూ రెండున్నర గంటలకోసారి ఆగుతుంది కాబట్టి వాళ్లకి ఇందులో పోయేది గంటో గంటన్నరో. ఒక్కడే స్టీరింగ్ పట్టుకుని ఆగకుండా లాగించేసేవాడికి మాత్రం ఇది శిక్షే.

మరి వేగంగా వెళ్తే కలిసొస్తుందా? 65కి బదులు 75తో వెళ్తే 100 మైళ్లకి 12 నిమిషాలు మిగులుతాయి. కానీ దాదాపు 11 యూనిట్లు ఎక్కువ ఖర్చవుతాయి. 125 కిలోవాట్ల స్టేషన్‌లో వాటిని తిరిగి పోసుకోవడానికి ఐదు నిమిషాలు. నికరంగా ఏడు నిమిషాల లాభం. అదే ముందున్న స్టేషన్ 50 కిలోవాట్ల పాతదైతే 11 యూనిట్లకి 13 నిమిషాలు పడుతుంది, వేగంగా వచ్చినవాడే వెనకబడతాడు. కాబట్టి ఎంత వేగంతో వెళ్లాలన్నది ముందున్న రోడ్డుని బట్టి కాదు, ముందున్న ఛార్జర్ని బట్టి తేల్చుకోవాలి. పెట్రోలు బండి నడిపినవాళ్లకి ఈ ఆలోచన అలవాటు కావడానికి కొంత కాలం పడుతుంది.

ఛార్జర్ల సంగతి 2024 తర్వాత బాగా మారింది. ఆ ఏడాది ఫిబ్రవరి ఆఖర్లో టెస్లా ఫాస్ట్ ఛార్జింగ్ స్టేషన్లైన సూపర్‌ఛార్జర్లు ఫోర్డ్ బండ్లకి తెరుచుకున్నాయి, మార్చిలో ఇంకో ఎలక్ట్రిక్ బండ్ల కంపెనీ రివియన్‌కి, సెప్టెంబర్లో జనరల్ మోటార్స్ బండ్లకి. ఒక అడాప్టర్ చేతిలో ఉంటే చాలు, జనం పల్చగా ఉండే ఊళ్లలో కూడా ధైర్యం వచ్చింది. టెస్లా పాత రెండో తరం స్టేషన్లు మాత్రం ఇప్పటికీ వేరే కంపెనీల బండ్లకి పనిచేయవు, యాప్‌లో చూసుకోకుండా వెళ్తే అక్కడిదాకా వెళ్లి తిరిగి రావాల్సిందే. 2021 నాటి మౌలిక సదుపాయాల చట్టం కింద హైవేల వెంట ప్రతి 50 మైళ్లకి కనీసం నాలుగు 150 కిలోవాట్ల పోర్టులు ఉండాలని 500 కోట్ల డాలర్లు కేటాయించారు. ఆ పథకాన్ని 2025 ఫిబ్రవరిలో ట్రంప్ ప్రభుత్వం ఆపేసి, ఆగస్టులో సడలించిన నిబంధనలతో మళ్లీ మొదలుపెట్టింది. పని మాత్రం అనుకున్నదానికంటే చాలా నత్తనడకన సాగుతోంది.

స్టేషన్‌లో దిగాక ఎదురయ్యే చిన్న చిక్కు ఒకటుంది. టెస్లా కార్లకి ప్లగ్ పెట్టే చోటు వెనక ఎడమ మూల ఉంటుంది, అందుకే సూపర్‌ఛార్జర్ తీగ అక్కడికి అందేంత పొట్టిగానే చేశారు. లైట్నింగ్‌కీ రివియన్‌కీ ఆ చోటు ముందు ఎడమ వైపు, చక్రం దగ్గర. తీగ అందాలంటే ట్రక్కుని ముక్కు ముందుకి పెట్టి, పక్క స్టాల్‌లోకి జరిపి, గీత మీద నిలపాలి. 19 అడుగుల బండి తోక దారిలోకి పొడుచుకొచ్చి ఉంటుంది, ఒక్క బండి రెండు స్టాళ్లు ఆక్రమిస్తుంది. మామూలు రోజున ఎవరూ పట్టించుకోరు. థ్యాంక్స్‌గివింగ్ ముందురోజు సాయంత్రం, వెనక ఐదారు కార్లు క్యూలో ఉన్నప్పుడు, ఆ 45 నిమిషాలూ అందరి చూపులూ ట్రక్కువాడి మీదే ఉంటాయి. వరుస చివర ఉన్న స్టాల్ దొరికితే ఈ గొడవ చాలావరకు తప్పుతుంది.

ఖర్చు సంగతి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే ఎలక్ట్రిక్ బండి అంటే ఖర్చు తక్కువ అన్న మాట దూరప్రయాణంలో నిలబడదు. ఇంట్లో యూనిట్ 14 సెంట్లు పడితే మైలుకి ఏడెనిమిది సెంట్లు, పెట్రోలు ట్రక్కులో సగం. హైవే పక్కన ఫాస్ట్ ఛార్జర్ దగ్గర అదే యూనిట్ 50 సెంట్లు, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువ. డెన్వర్ దారిలో ఇంటి దగ్గర నింపుకున్నది పోగా ఇంకో 320 యూనిట్లు కొనాలి, 160 డాలర్లు. గ్యాలన్‌కి 20 మైళ్లిచ్చే పెట్రోలు పికప్‌కి, గ్యాలన్ 3 డాలర్ల చొప్పున మొత్తం దారికి 120 డాలర్లు. ఏడాదంతా ఇంట్లో ఛార్జ్ చేసుకుని ఒకటి రెండుసార్లు దూరం వెళ్లేవాళ్లకి ఇది లెక్కలోకి రాదు. అపార్ట్‌మెంట్‌లో ఉంటూ అన్ని యూనిట్లూ బయటే కొనేవాళ్లకి వస్తుంది. పైగా టెక్సస్‌లో ఎలక్ట్రిక్ బండికి ఏటా 200 డాలర్ల అదనపు రిజిస్ట్రేషన్ రుసుము ఉంది, కొత్త బండికైతే మొదట్లోనే రెండేళ్లకి కలిపి 400.

ట్రైలర్ తగిలిస్తే

ఇప్పటిదాకా చెప్పినదంతా ఖాళీ పికప్ గురించి. పికప్ కొనేవాళ్లలో చాలామందికి వెనక ఏదో ఒకటి లాగాలన్న కోరిక ఉంటుంది, అది పడవ కావచ్చు, చక్రాల మీద ఇల్లులాంటి క్యాంపర్ కావచ్చు. లైట్నింగ్ 10,000 పౌండ్లు లాగగలదు, రివియన్ ఆర్1టీ, టెస్లా సైబర్‌ట్రక్ 11,000. లాగడంలో వీటికి సాటిలేదు. మోటారు మొదటి క్షణం నుంచే పూర్తి బలం ఇస్తుంది, ఘాట్ రోడ్డు మీద పెట్రోలు ట్రక్కు రొప్పుతుంటే ఇది చప్పుడు లేకుండా ఎక్కేస్తుంది. కానీ ఆ అంకె ఎంత లాగగలదో చెబుతుంది, ఎంత దూరం లాగగలదో చెప్పదు.

క్యాంపర్ అంటే ఎనిమిది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు ఉన్న నిలువు గోడ. దాన్ని హైవే మీద లాగడమంటే తెరిచిన గొడుగుని ఎదురుగాలికి అడ్డం పట్టుకుని పరిగెత్తడమే. అమెరికా ఆటో పత్రికల పరీక్షల్లో క్యాంపర్ తగిలించిన లైట్నింగ్ నిండు బ్యాటరీతో సుమారు 100 మైళ్లే వెళ్లింది. బరువు కంటే ఆకారమే ఇక్కడ ముఖ్యం. అదే బరువున్న ఇటుకల్ని చదునైన ఫ్లాట్‌బెడ్ మీద లాగితే నష్టం చాలా తక్కువ, ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రమే బరువు తన వాటా అడుగుతుంది.

దీన్ని చూపించి ఎలక్ట్రిక్ బండ్లకి దమ్ము లేదనడం అన్యాయం. అదే క్యాంపర్ తగిలిస్తే పెట్రోలు ట్రక్కు మైలేజీ కూడా 20 నుంచి 10కి పడిపోతుంది. భౌతికశాస్త్రం ఇద్దరికీ ఒకటే. కానీ 36 గ్యాలన్ల ట్యాంకుతో పది మైళ్ల చొప్పున కూడా 360 మైళ్లు వెళ్లొచ్చు, మళ్లీ నింపడానికి ఐదు నిమిషాలు. ఎలక్ట్రిక్ ట్రక్కు 80 నుంచి 10 శాతం మధ్య వెళ్లేది సుమారు 70 మైళ్లు. గంటా పావు నడక, ముప్పావుగంట ఆగుడు. అలా డెన్వర్ దాకా!

ఆగడం కూడా ఒట్టి ఆగడం కాదు. చాలా స్టేషన్లలో స్టాళ్లు కార్లు వెనక్కి పెట్టుకునేలా కట్టినవి, ట్రైలర్‌తో దూరడానికి చోటుండదు. కాబట్టి పార్కింగ్‌లో ఓ మూల క్యాంపర్‌ని ఆపి, చక్రాలకి అడ్డం చెక్కముక్కలు పెట్టి, జాక్ దించి, ఏడు పిన్నుల ప్లగ్గు పీకి, బ్రేక్ తీగ తప్పించి, సేఫ్టీ చైన్లు విప్పి, హిచ్ గడియ లేపి, ట్రక్కుని ముందుకి తీయాలి. ఛార్జింగ్ అయ్యాక ఇదంతా తిరగేసి చేయాలి, వెనక్కి వస్తూ బాల్ సరిగ్గా కిందకి వచ్చేదాకా ఇంకొకరు నిలబడి చెయ్యి ఊపాలి. చేయి తిరిగినవాళ్లకే పోనూ రానూ ఇరవై నిమిషాలు. వానలో, రాత్రిపూట, రోజుకి ఏడెనిమిదిసార్లు ఈ పని ఎవరూ చేయరు. పైలట్, ఫ్లయింగ్ జె బంకుల్లో జనరల్ మోటార్స్, ఛార్జింగ్ కంపెనీ ఈవీగో కలిసి పెడుతున్న స్టేషన్లలో లారీల్లా ఒక వైపు దూరి ఇంకో వైపు బయటికి వచ్చే స్టాళ్లు ఉన్నాయి. అలాంటివి పెరిగితే ఈ బాధ తగ్గుతుంది, గంటా పావుకోసారి ఆగే బాధ తగ్గదు.

పెద్ద బ్యాటరీతో సమస్య తీరుతుందా అంటే, ఆ ప్రయత్నమూ జరిగింది. షెవర్లే సిల్వరాడో ఈవీలో 200 యూనిట్లు దాటిన బ్యాటరీ ఉంది, స్టిక్కర్ మీద 490 మైళ్ల పైచిలుకు దాకా ఉంది. 2025లో కంపెనీ ఇంజినీర్లు ఒక్క ఛార్జింగ్‌తో 1,059 మైళ్లు నడిపి చూపించారు, గంటకి 20, 25 మైళ్ల సగటు వేగంతో. గాలి లేకపోతే బ్యాటరీ ఎంత దూరం వస్తుందో చెప్పడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం లేదు, అలా డెన్వర్ వెళ్తే ఎప్పటికి చేరతారన్నది వేరే సంగతి. ఖాళీగా వెళ్లేవాళ్లకి ఈ బండి నిజంగానే దూరప్రయాణపు బండి. 350 కిలోవాట్ల స్టేషన్ దొరికితే పది నిమిషాల్లో వంద మైళ్లు ఎక్కించుకుంటుంది. 500 వోల్టులు దాటని స్టాల్ దొరికితే ఆ వేగం బాగా పడిపోతుంది. బండి బరువు మాత్రం నాలుగు టన్నుల దరిదాపుల్లో ఉంటుంది, ధర దానికి తగ్గట్టే. ఇంతా చేసి క్యాంపర్ తగిలిస్తే ఆగుళ్ల మధ్య 120 మైళ్ల దగ్గరే తేలుతుంది.

కంపెనీలు చివరికి ఒప్పుకున్నదీ ఇదే. 2025 సెప్టెంబర్లో రామ్ పూర్తి ఎలక్ట్రిక్ పికప్‌ని రద్దు చేసి, 92 యూనిట్ల బ్యాటరీకి తోడు పెట్రోలు జనరేటరు ఉండే ట్రక్కుకి ఆ పేరు పెట్టింది. డిసెంబర్లో ఫోర్డ్ లైట్నింగ్‌ని ప్రస్తుత రూపంలో ఆపేస్తున్నామని ప్రకటించింది, రాబోయేది జనరేటరుతో 700 మైళ్లు దాటుతుందని చెబుతోంది. 2024లో అమెరికాలో అమ్ముడైన లైట్నింగ్‌లు 33,500 చిల్లర, అదే ఏడాది ఎఫ్ సిరీస్ ట్రక్కులన్నీ కలిపి 7 లక్షలు దాటాయి. జనరేటరున్న బండి చక్రాలని మోటారే తిప్పుతుంది, జనరేటరు పని బ్యాటరీలో కరెంటు వేయడమే. ట్రైలర్ లాగేవాళ్లకి ఇది సరైన మందే అనిపిస్తుంది. లాగనివాళ్లు మాత్రం రోజూ ఇంట్లో ఛార్జ్ చేసుకుంటూ ఒక పెట్రోలు ఇంజినుని ఊరికే మోసుకు తిరగాలి, దానికి ఆయిల్ మార్పించాలి. వాళ్ల అవసరం తీర్చే బండిని ఆపేసి అందరికీ ఒకే మందు ఇవ్వడం తొందరపాటు.

గమ్యం చేరాక ఎలక్ట్రిక్ పికప్‌కి సాటి లేదన్నది నిజం. క్యాంప్‌గ్రౌండ్లలో మోటార్ హోమ్‌ల కోసం పెట్టిన 50 ఆంపియర్ల సాకెట్టుకి తగిన తీగ తగిలిస్తే గంటకి 9.6 యూనిట్లు ఎక్కుతాయి. రాత్రి పదికి పెట్టి పొద్దున ఏడింటికి తీస్తే 80 యూనిట్లకి పైమాటే, 150 మైళ్లు తెల్లారేసరికి సిద్ధం. తిరుగు దిశలో కూడా కరెంటు పారుతుంది. లైట్నింగ్‌లో ఉన్న ప్లగ్గులన్నిటి నుంచి కలిపి 9.6 కిలోవాట్ల దాకా వాడుకోవచ్చు. దూరప్రయాణంలో రైస్ కుక్కర్ లేకుండా కదలని కుటుంబానికి ఇది చిన్న విషయం కాదు. 700 వాట్ల కుక్కర్ అరగంట ఉడికిస్తే యూనిట్‌లో మూడో వంతు, ముప్పావు మైలు కూడా కాదు. ఇంజిన్ ఉండాల్సిన చోట ముందున్న పెద్ద పెట్టెలో పెరుగు డబ్బా, పచ్చళ్ల సీసాలు తాళం వేసుకుని పెట్టుకోవచ్చు, బెడ్‌లో సామాను తడుస్తుందన్న బెంగ లేదు.

7,500 డాలర్ల కేంద్ర పన్ను రాయితీ 2025 సెప్టెంబర్ 30తో ముగిసింది, ఇప్పుడు చాలామంది చూపు సెకండ్ హ్యాండ్ లైట్నింగ్‌ల మీద ఉంది. దూరం వెళ్లే ఉద్దేశం ఉంటే చూసుకోవాల్సినవి మూడు నాలుగే. చిన్న బ్యాటరీ రకంలో 98 యూనిట్లే ఉంటాయి, ఆగుళ్ల మధ్య 130 మైళ్లు, ఆ రకంతో రటోన్ దారి పెట్టుకోకపోవడమే మేలు. వేడిని పొదుపుగా ఇచ్చే హీట్ పంప్ 2024 మోడల్ నుంచే వచ్చింది. బ్యాటరీకి ఎనిమిదేళ్లు లేదా లక్ష మైళ్ల వారంటీలో ఎంత మిగిలిందో, పాత ఓనరు టెస్లా అడాప్టర్ బండితో పాటు ఇస్తున్నాడో లేదో అడగాలి. టెస్ట్ డ్రైవ్‌కి డీలర్ చుట్టుపక్కల వీధుల్లో తిప్పి పంపించేస్తారు. హైవే ఎక్కి 70 మీద క్రూయిజ్ పెట్టి, పోయేటప్పుడు పదిహేను మైళ్లు, అదే దారిలో వచ్చేటప్పుడు పదిహేను మైళ్లు నడిపి స్క్రీన్ మీద యూనిట్‌కి ఎన్ని మైళ్లు వస్తున్నాయో చూసుకోవాలి. 1.8కి తగ్గితే ముందు టైర్లు చూడాలి. పెద్ద గాట్లున్న ఆఫ్‌రోడ్ టైర్లు, ఎత్తు పెంచిన సస్పెన్షన్, పైన క్యారియర్, వీటిలో ఏదో ఒకటి ఉండే ఉంటుంది.